ముందు–తర్వాత ఫొటో చాలదు: కాస్మెటిక్ డెంటిస్ట్రీ పోస్టర్ పోటీలో నెగ్గేది కొలత

క్లుప్తంగా: కాస్మెటిక్ డెంటిస్ట్రీలో విద్యార్థుల పరిశోధన పోస్టర్ పోటీలు చూపించేది అందమైన పళ్ళను. మార్కులు పడేది మాత్రం ఆ అందాన్ని ఎలా కొలిచారన్నదానికి. రంగును అంకెల్లో చెప్పడం, ఫొటోలన్నీ ఒకే పరిస్థితుల్లో తీయడం, పళ్ళను కాక మనుషులను లెక్కపెట్టడం, అనుమతులు ముందే తీసుకోవడం ఫలితాన్ని తేల్చే అంశాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులకు ఫ్లోరైడ్ మచ్చలు, అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) మరకలు సొంత ప్రశ్నలు కాగలవు. వాటికి తగిన జాగ్రత్తలు వేరే ఉన్నాయి.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

తళతళలాడే పళ్ళ ఫొటోలున్న పోస్టర్ ఖాళీ చేతులతో తిరిగిరావడం, రెండు పట్టికలూ ఒక గ్రాఫూ ఉన్న పోస్టర్‌కు బహుమతి దక్కడం ఈ పోటీల్లో మామూలే. ఏడాదంతా కష్టపడి కేసు చేసిన విద్యార్థికి ఇది అన్యాయంగా తోస్తుంది. ఒకే హాల్లో రెండు రకాల పోస్టర్లు పక్కపక్కన ఉండటమే దీనికి మూలం. ఒక రోగికి చేసిన చికిత్సను వివరించేది కేస్ రిపోర్ట్. ఒక ప్రశ్న వేసుకుని, నమూనా ఎంచుకుని, కొలిచి, జవాబు చెప్పేది పరిశోధన. కేస్ రిపోర్ట్ తక్కువదేమీ కాదు. కానీ పరిశోధన విభాగంలో దాన్ని నమోదు చేస్తే 'మీ కంట్రోల్ గ్రూప్ (పోల్చడానికి పెట్టుకున్న గుంపు) ఏది' అన్న మొదటి ప్రశ్నకే నిలబడదు. నమోదు ఫారంలో విభాగం సరిగ్గా ఎంచుకుంటే సగం నిరాశ తప్పుతుంది.

రెండో కారణం శాఖల తీరు. భారత డెంటల్ కౌన్సిల్ గుర్తించిన ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) శాఖలు తొమ్మిది. కాస్మెటిక్ డెంటిస్ట్రీ పేరుతో విడిగా శాఖ లేదు. బ్లీచింగ్, కాంపోజిట్ (పంటి రంగు రెజిన్ పూత), వెనీర్ (పంటి ముందు అంటించే పలుచని పెంకు) కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ వాళ్ళవి. క్రౌన్లు, చిరునవ్వు డిజైన్ ప్రోస్థోడాంటిక్స్ వాళ్ళవి. వంకర పళ్ళు ఆర్థోడాంటిక్స్‌వి, చిగుళ్ళ రంగు, ఆకారం పెరియోడాంటిక్స్‌వి. అందుకే ఒక్క పోస్టర్‌ను ముగ్గురు జడ్జీలు మూడు కళ్ళతో చూస్తారు. కన్జర్వేటివ్ జడ్జి ఎచింగ్ (ఆమ్లంతో పన్నును గరుకు చేయడం) ఎన్ని సెకన్లు అంటారు, ప్రోస్థో జడ్జి షేడ్ (పంటి రంగు) ఎప్పుడు తీశారంటారు, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ నుంచి వచ్చినవారు శాంపిల్ ఎలా ఎంచుకున్నారంటారు. గైడ్ ఒక్క శాఖకే చెందినప్పుడు మిగతా రెండు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవడం విద్యార్థి పనే.

రంగును అంకెల్లో చెప్పడం

'పళ్ళు బాగా తెల్లబడ్డాయి' అన్న వాక్యం పరిశోధనలో లెక్కకు రాదు. రంగును సీఐఈ ల్యాబ్ పద్ధతిలో మూడు అంకెలుగా రాస్తారు. ఎల్ అంటే వెలుగు, ఏ అంటే ఎరుపు–ఆకుపచ్చ, బీ అంటే పసుపు–నీలం. రెండు కొలతల మధ్య తేడాను డెల్టా-ఈ అంటారు. మూడు తేడాలనూ వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే అది వస్తుంది. చికిత్సకు ముందు ఒక పన్ను ఎల్ 68, ఏ 2, బీ 22 ఉండి, తర్వాత 72, 1, 18 అయితే తేడాలు 4, 1, 4. వర్గాల మొత్తం 33, డెల్టా-ఈ సుమారు 5.7.

ఆ 5.7 పెద్దదా చిన్నదా అన్నది తేల్చడానికి హద్దులున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2016లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం డెల్టా-ఈ 1.2 దగ్గర చూసేవాళ్ళలో సగం మంది తేడా గుర్తుపడతారు. 2.7 దగ్గర సగం మంది ఆ తేడాను ఒప్పుకోలేమంటారు. కొత్త సూత్రమైన సీఐఈడీఈ 2000 వాడితే ఈ హద్దులు 0.8, 1.8 అవుతాయి. పోస్టర్లలో తరచూ దొర్లే తప్పు ఇక్కడే ఉంది. లెక్క కొత్త సూత్రంతో వేసి, పాత సూత్రం హద్దుతో పోలుస్తారు. ఇంకొందరు 1980ల నాటి 3.3ను హద్దుగా పెట్టి ఆధారం అడిగితే తడబడతారు. ఏ సూత్రం, ఏ హద్దు అన్నది మెథడ్స్‌లో ఒక వాక్యంలో రాస్తే చాలు.

రంగును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ లేని కాలేజీలో, పంటి రంగు నమూనాలుండే షేడ్ గైడ్‌తోనూ పరిశోధన సాధ్యమే. వీటా క్లాసికల్ గైడ్‌లో 16 ట్యాబులుంటాయి. వాటిని అక్షరాల వరుసలో కాకుండా వెలుగు వరుసలో పేర్చాలి. బీ1, ఏ1, బీ2, డీ2, ఏ2 ఇలా మొదలై సీ3, ఏ4, సీ4తో ముగుస్తుంది. ఇద్దరు పరిశీలకులు ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా చూసి, వాళ్ళ ఏకాభిప్రాయాన్ని కప్పా విలువగా చెప్పాలి. 0.61 నుంచి 0.80 మధ్య ఉంటే గట్టి ఏకాభిప్రాయమే. ఈ ట్యాబుల మధ్య దూరాలు సమానం కావు కాబట్టి సగటుకు బదులు మీడియన్ వాడటం, నాన్-పారామెట్రిక్ పరీక్ష చేయడం సబబు.

ఫొటో ఎక్కడ మోసం చేస్తుంది

పన్ను ఆరితే తెల్లగా కనిపిస్తుంది. ఎనామిల్ (పంటి పైపొర) వక్రీభవన గుణకం (కాంతిని వంచే కొలత) సుమారు 1.62, నీటిది 1.33, గాలిది 1.00. ఎనామిల్ సందుల్లో నీరు పోయి గాలి చేరితే కాంతి మరింతగా చెదిరి తెలుపు పెరుగుతుంది. పన్ను తడవకుండా కట్టే రబ్బర్ డ్యామ్ తీయగానే తీసిన 'తర్వాత' ఫొటోలో కనిపించే తెలుపులో కొంత బ్లీచింగ్‌ది, కొంత ఎండిపోవడానిది. రెండూ విడదీయలేం. షేడ్ ఎప్పుడూ పని మొదలుకాకముందే, తడి పన్ను మీద తీయాలి. చికిత్స తర్వాతి కొలత రెండు వారాలు ఆగి తీస్తే నమ్మదగినది.

కెమెరా విషయంలో సూత్రం ఒక్కటే. మొదటి ఫొటోకు వాడినవన్నీ చివరి ఫొటోకూ అవే ఉండాలి. 100 మి.మీ. మాక్రో లెన్స్, కెమెరా కాంతి సున్నితత్వం ఐఎస్ఓ 100 లేదా 200, అపర్చర్ ఎఫ్22, అదే ఫ్లాష్, అదే దూరం. వైట్ బ్యాలెన్స్ కోసం బూడిద రంగు కార్డును ఒక ఫ్రేములో పెట్టాలి. పన్ను మీద పడే మెరుపు రంగును దాచేస్తుంది కాబట్టి క్రాస్ పోలరైజేషన్ ఫిల్టర్ ఉంటే మేలు. ఫోన్‌ను దగ్గరగా పెట్టి తీస్తే ముందున్న రెండు పళ్ళూ అసలు కంటే వెడల్పుగా వస్తాయి. పళ్ళ వెడల్పుల నిష్పత్తులు కొలిచే పోస్టర్‌కు ఆ ఒక్క లోపం చాలు, డేటా మొత్తం పనికిరాకుండా పోవడానికి. ప్రతి ఫ్రేములోనూ షేడ్ ట్యాబ్ కూడా ఉండేలా తీయడం చవకైన, గట్టి రక్షణ. ప్రింటులో రంగు మారినా ట్యాబ్ రంగూ దాంతోపాటే మారుతుంది, పోలిక నిలుస్తుంది.

పళ్ళు 48, మనుషులు 8

ఎనిమిది మంది రోగులకు ఆరేసి ముందు పళ్ళ చొప్పున చికిత్స చేసి 'శాంపిల్ 48' అని రాయడం ఈ పోటీల్లో అతి సాధారణమైన తప్పు. ఒకే నోటిలోని పళ్ళు ఒకే నీళ్ళు, ఒకే టీ, ఒకే బ్రష్ మీద ఆధారపడతాయి. వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కించకూడదు. ఒకే నోటి పళ్ళ మధ్య సహసంబంధం 0.5 అనుకుంటే, ఆ 48 పళ్ళు ఇచ్చే సమాచారం సుమారు 14 స్వతంత్ర పళ్ళకే సమానం. అందుకే చిన్న పీ-విలువ (తేడా యాదృచ్ఛికం కాదని సూచించే అంకె) చూసి జడ్జి మురిసిపోరు. పళ్ళను లెక్కపెట్టారా, మనుషులనా అని అడుగుతారు.

శాంపిల్ సైజు ముందే లెక్క వేసుకోవాలి. రెండు గ్రూపులను పోల్చేటప్పుడు, 5 శాతం ఆల్ఫా (లేని తేడాను ఉందనే ముప్పు), 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టే అవకాశం)తో, తేడా ప్రామాణిక విచలనానికి సగమైతే గ్రూపుకు 64 మంది కావాలి. 0.8 వంతు అయితే 26 మంది, ప్రామాణిక విచలనమంత తేడా ఉంటే 17 మంది చాలు. ఓపీకి వచ్చేవాళ్ళు తక్కువైతే స్ప్లిట్-మౌత్ పద్ధతి ఆదుకుంటుంది. ఒకవైపు ఒక చికిత్స, మరోవైపు ఇంకొకటి. అప్పుడు ప్రతి మనిషీ తనకు తనే కంట్రోల్. అయితే బ్లీచింగ్ జెల్ మధ్యగీత దాటి అవతలి పన్నుకు పాకితే రెండు వైపులూ కలిసిపోతాయి. ఆ చోట అడ్డు ఎలా పెట్టారో పోస్టర్‌లో చెప్పాలి.

ల్యాబ్ పరీక్షలు తేలికనుకోవడం

రోగులతో పని లేదు కాబట్టి ఇన్-విట్రో (ల్యాబ్‌లో చేసేది) తేలికన్న నమ్మకం బీడీఎస్ విద్యార్థుల్లో ఎక్కువ. చేయడం తేలికే, చెడగొట్టడం ఇంకా తేలిక. మన వంటింటి మరకల మీద ఒక పని తీసుకుందాం. పసుపు, టీ, చింతపండు చారు కాంపోజిట్‌కు ఎంత రంగు పట్టిస్తాయన్న ప్రశ్న. 10 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న బిళ్ళలు గ్రూపుకు పది, స్వేదనజలంలో మరో పది కంట్రోల్‌గా. 37 డిగ్రీల దగ్గర 24 గంటలు నీళ్ళలో ఉంచాక మొదటి కొలత. ద్రావణాన్ని రోజూ మార్చాలి, లేకపోతే చారు పులిసి ఆమ్లత మారిపోతుంది. అన్ని బిళ్ళలనూ ఒకే రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి కొలవాలి.

ఇందులో ఎవరూ గమనించని శత్రువు, కాంతితో కాంపోజిట్‌ను గట్టిపరిచే లైట్ క్యూర్ గన్. సాయంత్రానికి బ్యాటరీ తగ్గితే కాంతి తీవ్రత పడిపోయి, ఆఖరున చేసిన బిళ్ళలు సరిగ్గా గట్టిపడవు. సరిగ్గా గట్టిపడని కాంపోజిట్ మరకను ఎక్కువ పీలుస్తుంది. వరసగా గ్రూపు తర్వాత గ్రూపు చేస్తే తప్పంతా చివరి గ్రూపు మీద పడి 'చారు వల్లే మరక' అనిపిస్తుంది. బిళ్ళలను కలగలిపి యాదృచ్ఛికంగా పంచితే ఈ తప్పు అందరిమీదా సమంగా పడుతుంది. ప్రతి పదింటికోసారి కాంతిని కొలిచే రేడియోమీటర్‌తో తీవ్రత చూసుకోవాలి. మైలార్ స్ట్రిప్ (పలుచని ప్లాస్టిక్ పట్టీ) కింద గట్టిపడిన పైపొరలో రెజిన్ ఎక్కువగా ఉండి మరక ఎక్కువ పడుతుంది కాబట్టి పాలిషింగ్ ఎన్ని దశల్లో చేశారో కూడా రాయాలి.

బంధన బలం (కాంపోజిట్ పంటికి ఎంత గట్టిగా అంటుకుందన్నది) పరీక్షల్లో చిక్కు వైశాల్యం దగ్గరుంది. 3 మి.మీ. వ్యాసం గల కాంపోజిట్ స్తంభం వైశాల్యం 7.07 చదరపు మి.మీ. 141 న్యూటన్ల దగ్గర విరిగితే బలం సుమారు 20 మెగాపాస్కల్స్. కానీ అంటించే ద్రవం అచ్చు అంచు దాటి 3.4 మి.మీ. వరకు పాకి గట్టిపడి ఉంటే అసలు వైశాల్యం 9.08, అసలు బలం 15.5 మాత్రమే. పోస్టర్‌లో చూపిన 'మెరుగుదల' అంతా ఆ పాకుడులోంచి పుట్టిందే కావచ్చు. తీసేసిన పళ్ళను ఎలా భద్రపరిచారన్నది కూడా ఇలాంటిదే. 0.5 శాతం క్లోరమిన్‌లో వారం మించకుండా ఉంచి, తర్వాత 4 డిగ్రీల నీళ్ళలో పెట్టి, ఆరు నెలల లోపు వాడాలి.

ఈ నేల అడిగే ప్రశ్నలు

ఉత్తరాంధ్ర విద్యార్థులు హైదరాబాద్, బెంగళూరు కాలేజీలతో ఖరీదైన పరికరాల్లో పోటీపడటం కష్టం. ప్రశ్నలో పోటీపడవచ్చు. ఇక్కడి నోళ్ళలోనే జవాబులున్న ప్రశ్నలు ఉన్నాయి.

మొదటిది ఫ్లోరైడ్ మచ్చలు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. బోరు నీళ్ళ మీద ఆధారపడిన ఊళ్ళలో ముందు పళ్ళ మీద సున్నపు గీతలు, గోధుమ మచ్చలు కనిపిస్తే నీళ్ళ వైపు చూడటం సహజం. చూడాల్సింది మాత్రం ఇవాళ్టి నీళ్ళను కాదు. పై ముందు పళ్ళ కిరీట భాగం పుట్టిన మూడు నాలుగు నెలలకు ఏర్పడటం మొదలై నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. ఆ తర్వాత ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా ఆ పళ్ళ మీద కొత్త మచ్చ పడదు. ఇరవై ఏళ్ళ విద్యార్థి పళ్ళ మచ్చను ఇప్పటి కుళాయి నీటి పరీక్షతో జతచేస్తే ఆ పోస్టర్ పునాదే తప్పు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2023 డిసెంబరులో హిరమండలం నీళ్ళ పథకం మొదలైంది. అక్కడ ఇకముందు సర్వే చేసేవాళ్ళు పాల్గొన్నవారి వయసు, మొదటి ఐదేళ్ళూ ఎక్కడ పెరిగారు, ఏ నీళ్ళు తాగారు అన్నవి విడిగా రాసుకోక తప్పదు. వలస వెళ్ళి వచ్చే కుటుంబాలు ఎక్కువున్న జిల్లాల్లో ఈ కాలమ్ ఖాళీగా వదిలితే డేటా కలుషితమవుతుంది.

మచ్చ తీవ్రతకు రెండు సూచికలు ప్రచారంలో ఉన్నాయి. డీన్ సూచిక 1942 రూపంలో ఆరు మెట్లు ఉంటాయి. 1978లో థైల్‌స్ట్రప్, ఫెజెర్‌స్కోవ్ ఇచ్చిన సూచికకు 0 నుంచి 9 వరకు పది మెట్లు. రెండోదానికి పన్నును ఆరబెట్టి చూడాలి, మొదటిదానికి అక్కర్లేదు. ఆరబెట్టి చూసి డీన్ మెట్టు వేస్తే తీవ్రత పెరిగినట్టు కనిపిస్తుంది. మచ్చ ఫ్లోరోసిసేనా అన్నదీ తేల్చుకోవాలి. ఫ్లోరోసిస్ రెండువైపులా సమంగా, అడ్డగీతలుగా ఉంటుంది. చిగురు అంచున ఒక చోటే ఉంటే తొలిదశ పిప్పి కావచ్చు. ఒక్క పన్ను మీదే ఉంటే చిన్నప్పటి దెబ్బ కావచ్చు.

చికిత్సను పోల్చే పోస్టర్‌కు ఇక్కడ మంచి అవకాశం ఉంది. గోధుమ మచ్చకు బ్లీచింగ్ పనిచేస్తుంది. ట్రేలో వాడే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ విడుదల చేసేది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడే కాబట్టి సున్నితత్వం తక్కువ. తెల్లమచ్చను బ్లీచింగ్ తీయదు, చుట్టూ ఉన్న పన్నును తెల్లబరచి మచ్చను కలిపేస్తుంది. రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ దారి వేరు. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2 నిమిషాలు, 30 సెకన్లు కడగడం, ఇథనాల్ 30 సెకన్లు, రెజిన్ 3 నిమిషాలు, 40 సెకన్ల కాంతి, మళ్ళీ 1 నిమిషం రెజిన్, 40 సెకన్ల కాంతి. ఎనామిల్ గుణకానికి దగ్గరగా 1.52 ఉన్న రెజిన్ సందుల్ని నింపడంతో చెదిరే కాంతి తగ్గి మచ్చ మాయమవుతుంది. ఇథనాల్ పోసినప్పుడే మచ్చ తగ్గినట్టు కనిపించకపోతే ఆమ్లం దశను మళ్ళీ చేయాలి. దాన్ని దాటేసి రెజిన్ పోస్తే లోపలికి దిగదు. గుంటలు పడ్డ తీవ్ర ఫ్లోరోసిస్‌కు ఇది చాలదు, కాంపోజిట్ కావాల్సిందే. బ్లీచింగ్ వెంటనే కాంపోజిట్ అంటిస్తే మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను గట్టిపడనివ్వదు, ఒకటి రెండు వారాల విరామం ఉండాలి.

రెండో ప్రశ్న అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు శ్రీకాకుళం తీరంలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో ఉంది. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి ప్రచురించిన అధ్యయనం అంగిలి పుండ్ల గురించి నేటికీ ఉదహరించేదే. సాధారణ పొగతాగేవాళ్ళకూ అడ్డపొగవాళ్ళకూ మరక పడే చోటు, గాఢత ఎలా మారతాయి, క్లీనింగ్ తర్వాత ఎన్నాళ్ళకు మరక తిరిగొస్తుంది అన్నవి కాస్మెటిక్ డెంటిస్ట్రీకి సరైన ప్రశ్నలు. కానీ ఈ సర్వే చేసేవారు మరకతో ఆగకూడదు. ప్రతి ఒక్కరి అంగిలీ వెలుతురులో చూడాలి, అనుమానమున్న మచ్చను ఓరల్ మెడిసిన్ విభాగానికి, అవసరమైతే బయాప్సీకి పంపాలి, పంపినట్టు రికార్డులో ఉండాలి. క్యాన్సర్ ముప్పున్న నోటిని చూసి పన్ను రంగు మాత్రమే రాసుకొచ్చిన పోస్టర్‌ను ఏ జడ్జీ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు.

ఉద్దానం విషయంలో ఇంకో జాగ్రత్త. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదమిత్థమని తేలలేదు. పళ్ళ మచ్చల సర్వే ఫలితాన్ని కిడ్నీ జబ్బుకు ముడిపెట్టే వాక్యం ముగింపులో చేరిందంటే, మిగతా పోస్టర్ ఎంత బాగున్నా నమ్మకం పోతుంది. అక్కడి జనానికి లేని భయం కూడా కలుగుతుంది.

అనుమతులు, వరస

ఎథికల్ క్లియరెన్స్ (కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి) నంబరు లేని పోస్టర్‌ను చాలా పోటీలు అబ్‌స్ట్రాక్ట్ దశలోనే పక్కనపెడతాయి. తీసేసిన పళ్ళ మీద పనికీ కమిటీ అనుమతి గానీ, మినహాయింపు లేఖ గానీ ఉండాలి. రోగుల మీద చికిత్సలు పోల్చే ట్రయల్ అయితే క్లినికల్ ట్రయళ్ళ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో మొదటి రోగిని చేర్చకముందే నమోదు చేయాలి. అప్పటికే మొదలైపోయిన ట్రయళ్ళను ఆ రిజిస్ట్రీ 2018 ఏప్రిల్ 1 నుంచి తీసుకోవడం లేదు. బడి పిల్లల సర్వేకు తల్లిదండ్రుల సమ్మతి, 7 నుంచి 12 ఏళ్ళ వాళ్ళ నోటిమాట ఒప్పుకోలు, 12 దాటినవాళ్ళ లిఖిత ఒప్పుకోలు కావాలి. సమ్మతి పత్రం పాల్గొనేవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. చికిత్సకు ఇచ్చిన సమ్మతి ఫొటో ప్రదర్శనకు చెల్లదు, దానికి విడి సంతకం తీసుకోవాలి. వీటన్నిటి దృష్ట్యా పోటీ తేదీకి ఆరు నెలల ముందే పని మొదలుపెట్టడం మంచిది.

ఫ్లెక్సీ షాపులో

3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు సాధారణంగా అడిగే సైజు. 150 డీపీఐలో అది 5400 గుణించు 7200 పిక్సెళ్ళు. ఆరంగుళాల వెడల్పున వేసే ఫొటోకు కనీసం 900 పిక్సెళ్ళుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నొక్కుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. ఫైలు పీడీఎఫ్‌గా, ఫాంట్లు లోపలే పొదిగి ఇవ్వకపోతే డెల్టా, ప్లస్-మైనస్ గుర్తులు ఖాళీ డబ్బాలవుతాయి, తెలుగు ఒత్తులు విడిపోతాయి. కంప్యూటర్ తెర రంగులు సిరా రంగుల్లోకి మారేటప్పుడు ఏ1 పన్ను ఏ2లా కనిపించవచ్చు. అందుకే మొత్తం ప్రింటుకు ముందు ఫొటోలున్న ముక్కను చిన్నగా ఒకసారి వేయించి చూడాలి. మెరిసే ఫ్లెక్స్ మీద హాలు లైట్లు ప్రతిఫలించి పళ్ళు కనిపించవు, మ్యాట్ మేలు. ఆమదాలవలసలో రైలెక్కే ముందు మడత పెట్టకుండా గొట్టంలో చుట్టాలి. శీర్షిక 85 పాయింట్లకు, మామూలు పాఠం 24కు తగ్గకూడదు, మొత్తం 800 పదాలు దాటకూడదు.

జడ్జి ముందు

సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు చెప్పడానికి, రెండు మూడు నిమిషాలు ప్రశ్నలకు ఇస్తారు. ప్రశ్న, పద్ధతి, ప్రధాన ఫలితం, పరిమితి అన్న క్రమంలో చెబితే సమయం సరిపోతుంది. పరిచయానికి మూడు నిమిషాలు ఖర్చుపెట్టినవాళ్ళకు ఫలితం చెప్పే లోపే గంట మోగుతుంది. పరిమితులను విద్యార్థే ముందు చెబితే జడ్జి వాటిని తప్పుగా కాక అవగాహనగా చూస్తారు.

బహుమతి వచ్చినా నీట్ ఎండీఎస్ ర్యాంకుకు మార్కులేమీ కలవవు, సీటు పరీక్ష ర్యాంకుతోనే వస్తుంది. ఉపయోగం వేరే చోట ఉంది. ఎండీఎస్‌లో థీసిస్ రాయాల్సిన రోజున శాంపిల్ సైజు, ఎథిక్స్ దరఖాస్తు, కొలత దోషం కొత్తగా అనిపించవు. పోటీ అయ్యాక పోస్టర్‌ను పేపర్‌గా మలిచేవాళ్ళు ముడి డేటా షీటును, సమ్మతి పత్రాలను, కెమెరా సెట్టింగుల చిట్టాను కాలేజీ విభాగంలో ఒక కాపీ ఉంచాలి. జర్నల్ సమీక్షకులు మొదట అడిగేది వాటినే.